ఇంటిపేరు అద్దెకివ్వబడును

జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటిమీద తడిగుడ్డ వేసేటప్పుడు ఆ నీళ్ళలో నాలుగు చుక్కలు ఓడికొలోన్ కలపడం మన ఇళ్ళలో ఒక తరానికి బాగా తెలిసిన వైద్యం. అమ్మమ్మల బీరువాల్లో, పట్టుచీరల పక్కన, ఓ చిన్న సీసా వుండేది. దాన్ని రోజూ వాడరు. జ్వరానికీ, తలనొప్పికీ, రైలు ప్రయాణంలో వికారానికీ, ఎవరైనా సొమ్మసిల్లితే చేతిరుమాలు తడపడానికీ మాత్రమే బయటికి తీస్తారు. పాత నవలల్లో నాయిక కళ్ళు తిరిగి పడిపోతే ఇంట్లోవాళ్ళు ముందు వెతికేది ఆ సీసా కోసమే. ఓడికొలోన్ అని అంతా కలిపి ఒకే మాటగా పలికేవాళ్ళం. అది ఫ్రెంచి మాట అనీ, కొలోన్ ఊరి నీళ్ళు అని దాని అర్థమనీ, ఆ కొలోన్ జర్మనీలో రైన్ నది ఒడ్డున వున్న పాత పట్నమనీ ఎవరికి పట్టింది? జ్వరం తగ్గితే చాలు.

కానీ ఆ సీసా వెనక ఒక ఇంటిపేరు గొడవ వుంది. ఒకరిద్దరు అన్నదమ్ముల మధ్య వచ్చి ఏ పెద్దమనుషులో సర్దిచెబితే సర్దుకున్న గొడవ కాదది. వందేళ్ళకి పైగా కోర్టులకెక్కిన గొడవ. నా పేరు నాది, నా దుకాణానికి నా పేరు పెట్టుకుంటాను, కాదనడానికి నువ్వెవరు అని ఒకడంటాడు. నీ పేరు నీదే గాని దానికి విలువ తెచ్చింది నేను కదా అని ఇంకొకడంటాడు. ఇద్దరూ న్యాయమే మాట్లాడుతున్నట్టుంటుంది. వ్యాపారాల్లో పేర్ల తగాదాలన్నీ చివరికి ఈ రెండు మాటల దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మనకో సామెత వుంది. ఈ కథలో అది తిరగబడింది. ఇక్కడి ఇంటిపేరు ఫరీనా. ఇటాలియన్ భాషలో ఫరీనా అంటే పిండి. పిండివారన్నమాట! ఆ పిండివారి ఇంట్లో పరిమళం పుట్టింది. పుట్టగానే ఊళ్ళోవాళ్ళందరూ మేమూ పిండివారమే అంటూ బయల్దేరారు.

ఇటలీ ఉత్తరాన, ఆల్ప్స్ కొండల్లో విజెజ్జో అనే లోయ వుంది. పండే భూమి తక్కువ, తినే నోళ్ళు ఎక్కువ. అక్కడి మగవాళ్ళు ఇళ్ళ పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్ళుగా, తిరుగుడు వర్తకులుగా యూరప్ అంతా పొట్ట చేతపట్టుకుని తిరిగేవారు. ఆ లోయలోని సాంటా మరియా మజ్జోరె అనే ఊళ్ళో 1685లో జొవాన్ని మరియా ఫరీనా పుట్టాడు. అతని అన్న జొవాన్ని బాటిస్టా కొలోన్ చేరుకుని 1709లో అక్కడ ఒక దుకాణం తెరిచాడు. లేసులు, పట్టు రిబ్బన్లు, చేతిరుమాళ్ళు, నశ్యం డబ్బాలు, ఇలాంటి షోకు సరుకు అమ్మేవారు. 1714లో తమ్ముడు కూడా వచ్చి చేరాడు. జర్మన్ దేశానికి తగినట్టు పేరు యోహాన్ మరియా ఫరీనా అయింది.

ఈ తమ్ముడికి ముక్కు గొప్పది. అప్పటిదాకా దొరల ఇళ్ళలో వాడే పరిమళాలంటే కస్తూరి, పునుగు, జవ్వాది. అంత ఘాటు ఎందుకంటే స్నానం తక్కువ, కంపు ఎక్కువ. ఫరీనా ఆ దారిన పోలేదు. నిమ్మ, నారింజ, బెర్గమాట్ అనే పుల్లపండు తొక్క, నారింజ పువ్వు, వీటి నూనెల్ని స్వచ్ఛమైన సారాయిలో కలిపి తేలికపాటి పరిమళం తయారుచేశాడు. వాన వెలిసిన మర్నాడు ఇటలీ కొండల్లో వుండే వాసన అది అని అన్నకి ఉత్తరం రాశాడంటారు. తనకి అన్నం పెట్టిన ఊరి పేరే దానికి పెట్టాడు. అప్పటి ఫ్యాషన్ భాష ఫ్రెంచి కాబట్టి పేరు ఫ్రెంచిలో పెట్టాడు. (అదే లోయ నుంచి వచ్చిన ఫెమినిస్ అనే ఇంకొకాయనే దీన్ని ముందు కనిపెట్టాడని వాదించేవాళ్ళూ వున్నారు. పేరున్న ప్రతి వంటకానికీ ఇద్దరు వంటవాళ్ళు వుంటారు కదా!)

ఆ రోజుల్లో ఇలాంటి పరిమళం చెయ్యడం ఒక ఎత్తు, ప్రతి ఏడూ అదే పరిమళం రావడం ఇంకో ఎత్తు. ఒక ఏడు పండిన నిమ్మకాయ ఇంకో ఏడు అలా పండదు. ఆవకాయ పెట్టే ఇల్లాలికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కాయ మారినా, కారం మారినా, మా అత్తగారి ఆవకాయ రుచి అదే అనిపించుకోవాలంటే చేతిలో ఏదో వుండాలి. ఫరీనా వేర్వేరు చోట్ల నుంచి తెప్పించిన నూనెల్ని వాసన చూసి, పాళ్ళు మార్చి, ఎప్పటి సీసా విప్పినా ఒకటే వాసన వచ్చేలా చేసేవాడు. అందుకే రాజులూ రాణులూ ఆ సీసా కోసం ఉత్తరాలు రాశారు. ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ, రచయిత వోల్టేర్ వంటివారు ఆ ఖాతాదార్లలో వున్నారు. 1756 నుంచి 1763 దాకా యూరప్‌లో జరిగిన ఏడేళ్ళ యుద్ధంలో కొలోన్‌లో మకాం వేసిన సైనికాధికారులు తిరిగి వెళ్తూ సీసాలు పట్టుకెళ్ళారు. దాంతో పేరు ఊరూరా పాకింది. ఫరీనా అంటే ఒక మనిషి పేరు కాస్తా నమ్మకం పేరు అయింది. అతను 1766లో పోయాడు. నమ్మకం మాత్రం దుకాణంలోనే వుంది.

ఊరు మాత్రం పరిమళించలేదు. 1828లో ఆ ఊరు చూసిన ఇంగ్లీషు కవి కోలరిడ్జ్ అక్కడి మురుగు కంపు మీద ఓ వెటకారపు కవిత రాసి పెట్టాడు. గబ్బిలాలు ఇక్కడ ఊరికి అంటుకున్నాయన్నమాట.

1794లో ఫ్రెంచి సైన్యం కొలోన్‌ని ఆక్రమించుకుంది. పాతకాలపు వర్తక సంఘాల కట్టుబాట్లు పోయాయి. ఎవరు ఏ వ్యాపారమైనా చేసుకోవచ్చన్నారు. మంచిదే. కానీ ట్రేడ్ మార్కు అనే చట్టం అప్పటికి ఎక్కడుంది? నీ సరుకు గుర్తు పట్టడానికి లక్క ముద్ర, సంతకం, పేరు మాత్రమే ఆధారం. ముద్ర దొంగిలిస్తే దొంగతనం. మరి పేరు? ఫరీనా అనే ఇంటిపేరు ఆ ఒక్క కుటుంబానిదే కాదు. ఇటలీలో పిండివారికి కొదవా?

గ్లాకెన్‌గాసె అంటే గంటల వీధి. ఆ వీధిలో విల్‌హెల్మ్ మ్యూలెన్స్ అనే వర్తకుడు ఓడికొలోన్ వ్యాపారంలో దిగాడు. ఆయన పెళ్ళికి 1792లో ఒక సన్యాసి ఈ పరిమళం తయారీ రాసిన కాగితం కానుకగా ఇచ్చాడని వాళ్ళ కంపెనీ కథ. కట్నంగా ఇలాంటి కాగితం ఒక్కటి దొరికితే మన పెళ్ళికొడుకులు కారు అడగడం మానేస్తారేమో! సరే, కాగితం వుంది. కానీ కొనేవాడు అడిగేది కాగితం కాదు, ఫరీనా. మ్యూలెన్స్ ఏం చేశాడంటే 1803లో పక్కనున్న బాన్ పట్నంలో కార్ల్ ఫ్రాంజ్ మరియా ఫరీనా అనే మనిషిని పట్టుకున్నాడు. పరిమళాల ఫరీనాలకీ ఇతనికీ ఏ చుట్టరికం లేదు. ఇంటిపేరు కలిసింది, అంతే. అతని దగ్గర ఆ పేరు వాడుకునే హక్కు దస్తావేజు రాయించి కొనుక్కున్నాడు. సీసాల మీద "ఫ్రాంజ్ మరియా ఫరీనా" అని అచ్చయింది.

అక్కడితో ఆగితే ఒక మనిషి కక్కుర్తి అనుకోవచ్చు. మ్యూలెన్స్ ఆ కొన్న పేరుని మళ్ళీ ఇంకొందరికి అమ్మాడు. ఒకరిద్దరికి కాదు, ఇరవైమందికి పైగా! ఒకే స్థలాన్ని పదిమందికి రిజిస్ట్రీ చేసిన మహానుభావుల గురించి మనం పేపర్లలో చదువుతూనే వుంటాం. పేరు అంతకన్నా సుఖం. స్థలమైతే ఎవడో ఒకడు గోడ కడతాడు, తగాదా బయటపడుతుంది. పేరుకి గోడ కట్టలేరు. ఇరవైమందీ ఒకేసారి వాడుకోవచ్చు.

ఇది చూసి మిగతా వర్తకులకీ బుర్ర పనిచేసింది. కొందరు ఇటలీ దాకా మనుషుల్ని పంపి, ఫరీనా అనే ఇంటిపేరున్నవాళ్ళని వెతికి తెచ్చారు. వాళ్ళకి పరిమళం గురించి ఓనమాలు కూడా తెలియనక్కర్లేదు. దుకాణంలో నామకః ఒక వాటా ఇచ్చి, పేరు బోర్డు మీదికి ఎక్కించేవారు. నీ ఊరేది, నీ పనేది అని కాదు, నీ ఇంటిపేరేది అని అడిగి ఉద్యోగం ఇచ్చిన కాలం అది.

పెళ్ళిపీటల మీద ఇంటిపేరు మారిపోయే మనకి ఇందులో వింత ఏం కనిపిస్తుందో చెప్పనా? మన ఇంటిపేరు మారేటప్పుడు మనకెవరూ దస్తావేజు రాయలేదు, వాటా ఇవ్వలేదు. అక్కడ మగవాళ్ళు అదే ఇంటిపేరు మీద బేరమాడి జీతం పుచ్చుకున్నారు. రచయిత్రుల పేర్ల సంగతి కూడా ఇక్కడే జ్ఞాపకం వస్తోంది. ఒకప్పుడు వారపత్రికల్లో ఆడపేర్లతో రాసిన మగరచయితలు వున్నారు. పురాణం సీత పేరుతో వచ్చిన "ఇల్లాలి ముచ్చట్లు" రాసింది పురాణం సుబ్రహ్మణ్య శర్మగారు. పాఠకులు ఆ ముచ్చట్లని ప్రేమించారు, ఎవరూ మోసపోయామనుకోలేదు. సరుకు ఆయనదే, నకలు కాదు కాబట్టి. కొలోన్ బాధ వేరు. అక్కడ ఒకరి చేతి సరుకు అనుకుని ఇంకొకరి సరుకు కొంటున్నారు.

ఇంతమంది ఫరీనాల మధ్య అసలు ఫరీనా తనని తాను ఎలా చెప్పుకోవాలి? మన ఊళ్ళలో ఒకే పేరుతో ఇద్దరు కోమట్లు వుంటే గుడి దగ్గర సుబ్బయ్య, చెరువు గట్టు సుబ్బయ్య అంటాం చూడండి, వాళ్ళూ అదే చేశారు. "యోహాన్ మరియా ఫరీనా, యూలిక్ ప్లాట్జ్ ఎదురుగా" అని పూర్తిగా అదే కంపెనీ పేరు. యూలిక్ ప్లాట్జ్ అంటే ఆ దుకాణం ముందున్న ఖాళీ మైదానం. వాళ్ళు అలా రాసుకుంటే ఇంకో ఫరీనా తన సీసాల మీద "యూలిక్ ప్లాట్జ్, నెంబరు 4" అని వేశాడు. ఒకరు ఎదురుగా, ఒకరు నాలుగో నెంబరు. పరదేశం నుంచి వచ్చి తొందర తొందరగా సెంటుసీసా కొనుక్కునే అమ్మాయికి ఈ తేడా ఎక్కడ తెలుస్తుంది? బెడెకర్ అని జర్మనీలో అచ్చయ్యే ప్రసిద్ధమైన ప్రయాణికుల గైడుపుస్తకాలు చర్చీలూ మ్యూజియాలూ చెప్పినట్టే, ఏ ఫరీనా అసలు ఫరీనాయో కూడా చెప్పవలసి వచ్చింది.

ఆ మైదానం పేరుకీ ఒక కథ వుంది, చెప్పకుండా దాటబుద్ధి కావడం లేదు. నికొలస్ గ్యూలిక్ అని రిబ్బన్లు అమ్మే వర్తకుడు ఒకాయన కొలోన్ నగరసభలోని పెద్దల లంచగొండితనం మీద తిరగబడ్డాడు. కొన్నాళ్ళు ఊరిని తన మాట మీద నడిపించాడు కూడా. 1686లో పెద్దలు మళ్ళీ పైచేయి సాధించి అతని తల నరికించారు. ఇల్లు నేలమట్టం చేసి, ఆ జాగాలో ఎవరూ ఎన్నటికీ ఇల్లు కట్టకూడదని శాసించి, అతని కంచు తలతో ఒక అవమాన స్తంభం పాతించారు. అలా మిగిలిన ఖాళీ జాగాయే ఆ మైదానం. ఆ పేరునే యూలిక్ అనీ రాసేవారు. నగరపెద్దలు ఏ పేరుకి శాశ్వతంగా మచ్చ తేవాలనుకున్నారో ఆ పేరు రాజుల స్నానాలగదుల్లోకి సెంటుసీసాల మీద ఎక్కి వెళ్ళింది. అసలు సరుకు గుర్తు పట్టడానికి అదే ఆధారమైంది!

అందరూ ఫరీనా కావాలని ఆరాటపడుతున్న ఆ ఊళ్ళోనే ఒక ఆవిడ మాత్రం ఆ పేరు జోలికి పోలేదు. మరియా క్లెమెంటీన్ మార్టిన్. 1775లో బ్రస్సెల్స్‌లో పుట్టింది. చిన్న వయసులోనే సన్యాసినుల మఠంలో చేరింది. ప్రభుత్వం మఠాల ఆస్తులు స్వాధీనం చేసుకున్నప్పుడు వీధిన పడింది. 1815లో వాటర్లూ యుద్ధంలో గాయపడ్డ సైనికులకి సేవ చేసింది. అందుకు ప్రష్యా రాజు పెన్షన్ ఇచ్చాడు. యాభయ్యో పడిలో అడుగుపెట్టాక కొలోన్ వచ్చి 1826లో సొంతంగా ఓడికొలోన్, మూలికల ద్రావకం తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. మగతోడు లేదు, ఇటలీ ఇంటిపేరు లేదు. ఆవిడ ఏం చేసింది? తన సరుకు మీద ప్రష్యా రాజచిహ్నమైన గద్దబొమ్మ వేసుకోవడానికి అనుమతి ఇవ్వమని రాజుకే అర్జీ పెట్టుకుంది. 1829లో అనుమతి వచ్చింది. ఇంకొకరి పేరు అద్దెకి తెచ్చుకోకుండా మఠం స్త్రీ అనే తన గుర్తింపునే పేరుగా నిలబెట్టుకుంది. జర్మన్ భాషలో క్లోస్టర్‌ఫ్రౌ. ఆవిడ 1843లో పోయినా ఆ పేరుతో మందులు ఈనాటికీ జర్మనీ మందులషాపుల్లో వున్నాయి. ఫరీనాల గురించి పుస్తకాలు రాసినవాళ్ళు ఈవిడకి ఇంకాస్త చోటు ఇచ్చివుంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

ఇక కోర్టులు. న్యాయమూర్తుల బాధ కూడా మనం అర్థం చేసుకోవాలి. తల్లిదండ్రులు పెట్టిన పేరుతో వ్యాపారం చెయ్యకూడదని మనిషికి ఎలా చెబుతారు? 1853లో లండన్‌లో బర్జెస్ అనే కుటుంబంలో ఇలాంటి కేసే వచ్చింది. తండ్రి ఎంతోకాలంగా చేపలతో ఒక రకం ఊరగాయరసం తయారుచేసి "బర్జెస్ రసం" అని అమ్ముతున్నాడు. కొడుకు వేరుపడి అదే రసం, అదే పేరుతో, తనూ అమ్మడం మొదలుపెట్టాడు. తండ్రి కోర్టుకెళ్ళాడు. రాణిగారి ప్రజలు ఎవరైనా పచ్చళ్ళు పెట్టి తమ పేరుతో అమ్ముకోవచ్చు, తండ్రి అదే పని చేసినంత మాత్రాన కొడుక్కి ఆ హక్కు పోదు అన్నట్టుగా తీర్పిచ్చాడు జడ్జి. కొడుకు మోసం చేసినట్టు రుజువు కాలేదు, కాబట్టి తండ్రి దావా వీగిపోయింది. వేరుపడ్డ కొడుకు పచ్చళ్ళ కొట్టు పెడితే తండ్రికి ఎలా వుంటుందో ఆ తీర్పులో లేదనుకోండి. కోర్టులు పొయ్యి దగ్గరికి రావు.

ఆ దశకంలోనే అసలు ఫరీనా కంపెనీ కూడా లండన్ కోర్టుల మెట్లెక్కింది. సిల్వర్‌లాక్ అని ప్రింటింగు ప్రెస్సు యజమాని ఒకడు. అతను ఓడికొలోన్ తయారు చెయ్యడు, అమ్మడు. ఫరీనా లేబిళ్ళలాంటి లేబిళ్ళు అచ్చువేసి అడిగినవాళ్ళకల్లా అమ్ముతాడు. ఎవరి సీసాకి అంటించుకుంటారో వాళ్ళ ఇష్టం! అసలు సరుకు కొన్న చిల్లరవర్తకులకీ లేబిళ్ళు చిరిగిపోతే కావాలిగా అన్నది అతని వైపు వాదన. ఈ వాదనకి 1856లో పెద్ద జడ్జిగారు కూడా కాస్త తలవంచి, మామూలు కోర్టులో హక్కు రుజువు చేసుకు రమ్మని కంపెనీని పంపించారు. రుజువు చేసుకుని 1858లో మళ్ళీ వస్తేగాని ఆ అచ్చు ఆగలేదు. ఒక ప్రెస్సుని ఆపడానికి అన్నాళ్ళు పట్టింది.

మెల్లమెల్లగా కోర్టులకి ఒక గీత దొరికింది. పుట్టుకతో వచ్చిన పేరుని నిజాయితీగా వాడుకునే మనిషి వేరు. ఆ పేరున్న మనిషిని బొమ్మలా నిలబెట్టి వెనక నుంచి వ్యాపారం నడిపేవాడు వేరు. మొదటివాడిని పూర్తిగా ఆపలేం, మహా అయితే తేడా తెలిసేలా రాసుకోమంటాం. రెండోవాడిది మాత్రం మోసమే. చెప్పడానికి ఇంత తేలిక. కొలోన్‌లో అది రుజువయ్యేసరికి మ్యూలెన్స్ కుటుంబంలో మూడు తరాలు గడిచాయి. బాన్ ఫరీనా దగ్గర కొన్న పేరు చెల్లదని 1832లో తేలింది. అప్పుడు విల్‌హెల్మ్ కొడుకు పీటర్ యోసెఫ్ ఏం చేశాడు? ఇటలీలో మోర్టారా అనే ఊళ్ళో ఇంకో ఫరీనాని వెతికి పట్టుకుని మళ్ళీ కొత్త దస్తావేజు రాయించుకున్నాడు! తండ్రికి తగ్గ కొడుకు. దానితో ఇంకో యాభై ఏళ్ళు గడిపారు. 1881లో మనవడు ఫెర్డినాండ్ కాలానికి వచ్చేసరికి ఇక తప్పించుకునే దారి లేక ఫరీనా పేరు వదులుకోవలసి వచ్చింది.

ఇన్నేళ్ళు అరువు పేరుతో బతికిన కంపెనీ ఇప్పుడేం పెట్టుకుంటుంది? ఒక అంకె పెట్టుకుంది. 4711. ఫ్రెంచివాళ్ళు ఊరిని ఆక్రమించినప్పుడు ఇళ్ళన్నింటికీ వరుసగా నెంబర్లు వేయించారు. గంటల వీధిలోని ఆ ఇంటికి వచ్చిన నెంబరు అది. ఫ్రెంచి సిపాయి గుర్రం దిగకుండానే గోడమీద రాసిపోయాడని కంపెనీవాళ్ళు బొమ్మలు వేయించి మరీ ప్రచారం చేశారు. అదంతా కల్పన గాని బొమ్మ మాత్రం చూడముచ్చటగా వుంటుంది. తర్వాత వీధులవారీగా నెంబర్లు మార్చడంతో ఆ అంకెకి చిరునామాగా విలువ పోయింది. ఎవరికీ చెందని అంకెగా మిగిలింది. జర్మనీలో 1874లో ట్రేడ్ మార్కుల చట్టం రాగానే, 1875లో ఆ గుర్తుని రిజిస్టరు చేయించిపెట్టుకున్నారు. నీలం, బంగారు రంగుల లేబిల్ మీద 4711 అన్న ఆ నాలుగు అంకెలు ప్రపంచమంతా తిరిగాయి. ఇంటిపేరుకి వేలమంది వారసులు పుట్టుకొస్తారు. అంకెకి దాయాదులు ఎక్కడి నుంచి వస్తారు?

మ్యూలెన్స్ వాళ్ళ సరుకు చెడ్డదని నేననడం లేదు. మంచిదే, ఎంతోమందికి ఇష్టమైనదే. అసలు ఆశ్చర్యమే అక్కడుంది. అంత మంచి సరుకు చేయగలిగినవాళ్ళు మొదటి రోజునే తమ పేరుతో అమ్ముకుని వుండొచ్చు. ధైర్యం చాలలేదు.

పారిస్ సంగతి కూడా ఒక్క ముక్క చెప్పాలి. అక్కడ 1806లో దుకాణం తెరిచిన జాఁ మరియా ఫరీనా నిజంగానే ఆ కుటుంబానికి చెందినవాడు, దూరపు మనవడి వరస. అతని పేరు మీద ఎవరూ వేలు పెట్టలేరు. కానీ 1840లో అతను వ్యాపారం పేరుతో సహా అమ్మేశాడు. 1862లో అది రోజర్ అండ్ గాలె అనే కంపెనీకి చేరింది. ఆ కంపెనీలో ఫరీనా అనేవాడు ఒక్కడూ లేకపోయినా సీసామీద ఆయన పేరు వుంది, అది చట్టప్రకారం సక్రమం కూడా. బాన్ ఫరీనా తన పేరు అమ్మితే చెల్లలేదు, పారిస్ ఫరీనా అమ్మితే చెల్లింది. ఎందుకంటే బాన్ ఆయన అమ్మింది వట్టి పేరు. పారిస్ ఆయన పేరుతోపాటు దుకాణం, తయారీ, ఖాతాదార్లు, అంతా అమ్మాడు.

ఈ గీతే తిరిగి తిరిగి మన దేశపు చట్టంలోకీ వచ్చింది. మన 1999 ట్రేడ్ మార్కుల చట్టంలో 35వ సెక్షన్ ఏమంటుందంటే, ఎవరైనా తన సొంత పేరుని నిజాయితీగా వాడుకుంటుంటే ట్రేడ్ మార్కు యజమాని అడ్డుపడకూడదు. అంతా ఆ "నిజాయితీగా" అన్న మాట దగ్గరే వుంది. హైదరాబాదులో 1984లో మొదలైన డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ, రెడ్డి ఫార్మాస్యూటికల్స్ అనే ఇంకో కంపెనీ మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. రెడ్డి అనేది దక్షిణాదిన ఎంతోమందికి వున్న పేరు, మా డైరెక్టరు పేరులోనూ వుంది, అందరి సొత్తుని మీ ఒక్కరిదీ అంటే ఎలా అని అవతలివారి వాదన. ఆ మాట విన్న తెలుగువాళ్ళెవరైనా తల వూపుతారు. రెడ్డి అన్నది మనకి ఇంటిపేరు కూడా కాదు, పేరు చివర తగిలించుకునేది. అయినా 2004లో కోర్టు ఆ పేరుతో మందులు అమ్మకుండా ఇంజంక్షన్ ఇచ్చింది. మనిషి తన పేరు పెట్టుకోవడం ఒకటి, కంపెనీకి పేరు ఎంచుకోవడం ఒకటి. కంపెనీకి ఏ పేరైనా పెట్టుకోవచ్చు కదా, అదే పేరు ఎందుకు కావలసి వచ్చింది అన్నది అసలు ప్రశ్న. పైగా అవి మందులు. సెంటు మారితే వాసన మారుతుంది, మందు మారితే ప్రాణం మీదికొస్తుంది.

ఇన్ని గొడవల మధ్య ఓడికొలోన్ అన్న మాట మాత్రం ఎవరి చేతికీ చిక్కలేదు. అందరూ వాడి వాడి అది ఒక రకం పరిమళానికి మామూలు పేరైపోయింది. కనిపెట్టినవాడు ఊరిమీద ప్రేమతో ఊరి పేరు పెట్టాడు. ఊరి పేరు మీద ఒక్కడికే హక్కు ఎవరిస్తారు? నెపోలియన్ ప్రభుత్వం 1810లో రహస్య ఔషధాల తయారీ వివరాలన్నీ బయటపెట్టాలని ఆజ్ఞ జారీచేసినప్పుడు కొలోన్ వర్తకులంతా ఏకమై ఇది మందు కాదు, సెంటు మాత్రమే అని చెప్పి రహస్యం కాపాడుకున్నారు. ఆ సంగతి తెలియని మన అమ్మమ్మలు దాన్ని మళ్ళీ మందు చేశారు.

గంటల వీధిలో 4711 దుకాణం ఇప్పటికీ వుంది. కానీ కంపెనీ మ్యూలెన్స్ కుటుంబం చేతిలో లేదు, 1990ల నుంచి ఒక పెద్ద కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి చేతులు మారుతూ వచ్చింది. అక్కడికి కాస్త దూరంలోనే గ్యూలిక్ మైదానానికి ఎదురుగా పాత ఫరీనా ఇల్లు. అది ఇంకా ఆ కుటుంబానిదే. 2003 నుంచి అందులో మ్యూజియం పెట్టి పాత సీసాలు, లెక్కల పుస్తకాలు చూపిస్తున్నారు. కొలోన్ నగరసభ గోపురం మీద ఆ ఊరి ప్రముఖుల శిల్పాల వరసలో యోహాన్ మరియా ఫరీనా కూడా నిలబడివున్నాడు. కంపెనీ పూర్తి పేరు ఇప్పటికీ అదే, "యూలిక్ ప్లాట్జ్ ఎదురుగా" అన్న ముక్కతో సహా.